1987: బదిలీ ఆటగాళ్ల మూడు వారాలు

1987 అక్టోబరు 4న ఫిలడెల్ఫియా వెటరన్స్ స్టేడియంలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు ఈగల్స్, చికాగో బేర్స్ తలపడ్డాయి. అరవై వేలకు పైగా జనం పట్టే ఆ స్టేడియానికి ఆ రోజు వచ్చినవారు 4,074 మంది. గేట్ల దగ్గర లారీ డ్రైవర్ల యూనియన్ వారు సమ్మెలో ఉన్న ఆటగాళ్లకు మద్దతుగా కాపు కాశారు. లోపల ఈగల్స్ జెర్సీలు వేసుకుని ఆడుతున్నవారిలో చాలామంది ఎవరో ఆ ఊరి అభిమానులకే తెలియదు. బేర్స్ 35–3తో గెలిచారు. తిరకాసంతా ఏమిటంటే, ఆ గెలుపు లీగ్ గెలుపోటముల పట్టికలోకి ఎక్కింది.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాళ్లు సెప్టెంబరు 22న సమ్మెకు దిగారు. మూడో వారం ఆటలు రద్దయ్యాయి. ఆ తర్వాత మూడు వారాలు యాజమాన్యాలు బదిలీ ఆటగాళ్లతో, అంటే సమ్మెలో ఉన్నవారి బదులు తాత్కాలికంగా తీసుకున్నవారితో, నెట్టుకొచ్చాయి. 1982లో 57 రోజుల సమ్మెతో సీజన్ తొమ్మిది ఆటలకు కుంచించుకుపోయిన అనుభవం యజమానులకు ఉంది. అందుకే ఈసారి కొన్ని జట్లు శిక్షణ శిబిరాల్లో వడపోతకు గురైనవారి చేతిలో ముందే కొంత డబ్బు పెట్టి, పిలిస్తే వచ్చేలా మాట తీసుకున్నాయి.

1982లో ఆటగాళ్లు లీగ్ ఆదాయంలో 55 శాతం వాటా అడిగారు. 1987లో అడిగింది స్వేచ్ఛ, అంటే ఒప్పందం ముగిశాక ఇష్టమైన జట్టుకు వెళ్లే హక్కు. ఈ గొడవ 1963 నాటిది. ఒప్పందం ముగిసిన ఆటగాణ్ని తీసుకున్న జట్టు పాత జట్టుకు పరిహారం ఇవ్వాలని, అది ఎంతో తానే తేలుస్తానని లీగ్ అధిపతి (కమిషనర్) పీట్ రోజెల్ ఆనాడు నియమం పెట్టారు. ఏం పోగొట్టుకోవలసి వస్తుందో ముందుగా తెలియని బేరానికి ఎవరు దిగుతారు? ఆటగాడు జాన్ మాకీ వేసిన కేసులో 1976లో అప్పీలు కోర్టు ఆ నియమం చెల్లదంది. మరుసటి ఏడాది ఒప్పందంలో అదే పరిహారం మరో రూపంలో తిరిగొచ్చింది, ఈసారి యూనియన్ సంతకంతోనే. ఆ తర్వాత పదేళ్లలో జట్టు మారగలిగినవారు దాదాపు లేరు.

1987లో యూనియన్ నాయకుడు జీన్ అప్‌షా. ఆటగాడిగా గొప్పవాడే కానీ సమ్మెను కట్టుగా నిలబెట్టలేకపోయారు. తప్పంతా ఆయన మీద వేయడం కూడా న్యాయం కాదు. వీరి జీతం ఆట ఆటకూ అందేది. నాలుగైదేళ్లలో ముగిసిపోయే కెరీర్‌లో ఒక్కో ఆదివారం పోవడం చిన్న నష్టం కాదు. జో మోంటానా, టోనీ డోర్సెట్, స్టీవ్ లార్జెంట్ వంటి పెద్ద పేర్లే కట్టు తప్పి మైదానంలోకి దిగాయి. అక్టోబరు 15, గురువారం ఆటగాళ్లు ఏ ఒప్పందమూ లేకుండానే పనిలోకి తిరిగి వచ్చారు. గడువు బుధవారంతోనే ముగిసిందంటూ యజమానులు ఆ వారం కూడా వారిని ఆడనివ్వలేదు!

వాషింగ్టన్ జట్టులో మాత్రం ఒక్కరూ కట్టు తప్పలేదు. దాని బదిలీ జట్టు మూడింటికి మూడూ గెలిచింది. మూడోది అక్టోబరు 19 రాత్రి, న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలిన సోమవారమే. ప్రత్యర్థి డాలస్ తరఫున డోర్సెట్ సహా కొందరు అసలు ఆటగాళ్లు దిగారు. వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) గాయపడి తప్పుకుంటే, జైలు శిక్ష అనుభవిస్తూ సడలింపు మీద బయటికి వచ్చి ఆడుతున్న టోనీ రాబిన్సన్ బంతి అందుకున్నాడు. 13–7తో వాషింగ్టన్ గెలిచింది. జనవరిలో అదే జట్టు లీగ్ ఫైనలైన సూపర్ బౌల్‌లో డెన్వర్‌ను 42–10తో చిత్తు చేసింది.

జట్టు మారడంపై ఆంక్షలు గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమంటూ, సమ్మె విరమించిన రోజే యూనియన్ మిన్నియాపొలిస్ కోర్టు గుమ్మం తొక్కింది. అక్కడ ఎదురైన చిక్కు విచిత్రమైనది. ఆటగాళ్ల తరఫున బేరమాడే యూనియన్ ఉన్నంతకాలం ఇది కార్మిక వివాదమేనని, గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదని 1989లో అప్పీలు కోర్టు తేల్చింది. దానితో ఆ చట్టం వర్తించేలా యూనియన్ బేరమాడే హక్కును తానే వదులుకుంది. ఆటగాళ్లు విడివిడిగా కేసులు వేశారు. ఈలోగా లీగ్ ఒక్కో జట్టు 37 మందిని అట్టేపెట్టుకుని మిగతావారిని వదిలే పద్ధతి తెచ్చింది. తారలు ఆ 37 మందిలోనే ఉంటారు కాబట్టి స్వేచ్ఛ దక్కింది బెంచీ మీద కూర్చునేవారికే. 1992 సెప్టెంబరులో ఆటగాడు ఫ్రీమన్ మెక్‌నీల్ కేసులో జ్యూరీ ఆ పద్ధతిని తప్పుపట్టింది. 1993లో ఆటగాళ్లకు ఆ స్వేచ్ఛ దక్కేలా రాజీ కుదిరింది. కేసు వేసినవారిలో ఒకరైన ఈగల్స్ ఆటగాడు రెజీ వైట్ ఆ ఏడాదే నాలుగేళ్లకు 1.7 కోట్ల డాలర్ల ఒప్పందంతో గ్రీన్ బే జట్టుకు వెళ్లిపోయారు. బదులుగా యజమానులు జట్టు మొత్తం జీతాలకు పరిమితి సాధించుకున్నారు. 1994లో అది 3.46 కోట్ల డాలర్లు.

ఆ మూడు ఆటలు గెలిపించిన వాషింగ్టన్ బదిలీ ఆటగాళ్లకు మాత్రం విజేతలకిచ్చే సూపర్ బౌల్ ఉంగరాలు 2018లో అందాయి.