మోకాలి దాకా నిక్కరు: ఒకచోట తప్పు, ఇంకోచోట మర్యాద

చిరంజీవులు పిల్లలందరికీ ఆశీస్సులు.

ఫ్రాన్స్‌లో మగవాళ్ళు మోకాళ్ళ దాకా ఉండే నిక్కరు వేసుకెళ్తే పూల్‌లోకి దిగనివ్వరట, ఒంటికి అతుక్కునే చిన్న డ్రాయరే వేసుకోవాలట, ఇదెక్కడి చోద్యం తాతయ్యా అని అడిగారు. నిజమే. అక్కడ ఊరి మున్సిపాలిటీలు నడిపే పూల్స్‌లో చాలాచోట్ల ఇదే రూలు. తెలియక వచ్చినవాళ్ళ కోసం కొన్ని పూల్స్‌లో మెషీన్ కూడా పెడతారు. డబ్బులు వేస్తే డ్రాయరు, టోపీ బయటికొస్తాయి. జుట్టు నీళ్ళలో రాలకుండా నెత్తిన బిగుతు ఈత టోపీ కూడా ఉండాలి మరి. బట్టతల ఉందని చెప్పినా చాలాచోట్ల వినరు.

వాళ్ళు చెప్పే కారణానికి సిగ్గుతో సంబంధం లేదు, వాళ్ళ బాధంతా నీళ్ళ గురించే. వదులు నిక్కరు అంటే పొద్దున్నుంచి వేసుకు తిరిగినదైనా కావచ్చు. దానితోనే బస్సెక్కి, పార్కులో గడ్డి మీద కూర్చుని, తిన్నగా వచ్చి దూకేయొచ్చు. జేబుల్లో ఇసుక, నలిగిన టిష్యూ, ఎప్పటిదో టికెట్టు ముక్క. చిన్న డ్రాయరుతో ఎవరూ బజారుకి వెళ్ళరు కాబట్టి అది ఈతకే అట్టేపెట్టిన బట్ట అని వాళ్ళ నమ్మకం.

పూల్ దగ్గర ఘాటుగా వచ్చే వాసన క్లోరిన్‌దే అనుకుంటాం. ఎక్కువగా అది క్లోరమైన్ల వాసన. మన చెమట, మూత్రం నీళ్ళలోని క్లోరిన్‌తో కలిస్తే అవి పుడతాయి. కళ్ళు మండించేవీ, దగ్గు తెప్పించేవీ అవే. అంటే వాసన బాగా వస్తోందంటే నీళ్ళు మహా శుభ్రంగా ఉన్నాయని మురిసిపోనక్కర్లేదు. (పూల్‌లో ఒకటికి పోసేవాళ్ళు మీలో లేరని నమ్ముతున్నాను.)

నన్నడిగితే ఫ్రాన్స్ వాళ్ళ వాదనలో సగమే బలం ఉంది. బట్ట కంటే ఒళ్ళు ఎక్కువ మురికి మోసుకొస్తుంది. ఈ సంగతి గట్టిగా పట్టుకున్నది ఐస్‌లాండ్ వాళ్ళు. అక్కడ నిక్కరు పొడుగు గురించి పెద్దగా పట్టింపు లేదు. కానీ నీళ్ళలో దిగేముందు బట్టలన్నీ విప్పేసి సబ్బుతో స్నానం చేసి తీరాలి. షవర్ల దగ్గర గోడ మీద ఒక మనిషి బొమ్మ ఉంటుంది. తల, చంకలు, తొడల మధ్య, పాదాలు: ఎక్కడెక్కడ రుద్దుకోవాలో ఆ చోట్లకి రంగు వేసి మరీ చూపిస్తారు. డ్రాయరు మీదే నాలుగు చెంబులు పోసుకున్నట్టు చేసి జారుకుందామంటే సిబ్బంది వెనక్కి పంపేస్తారు. వాళ్ళు నీళ్ళలో క్లోరిన్ తక్కువ వాడతారు, అందుకే ఇంత పట్టుదల. కొత్తగా వెళ్ళినవాళ్ళకి మొదట టెన్షన్‌గానే ఉంటుంది. మగవాళ్ళ గదిలో అందరూ మగవాళ్ళే, పైగా ఎవరి గోల వాళ్ళది.

ఫిన్లాండ్ ఇంకో మెట్టు పైన ఉంది. హెల్సింకీలో యుర్యోన్‌కాతు అనే పాత ఈత కొలను 1928లో తెరిచారు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరు సమయాలు. 2001 దాకా అక్కడ ఈత దుస్తులు వేసుకోనిచ్చేవారే కాదు. ఇప్పుడు వేసుకోవచ్చు, మానేయొచ్చు, మీ ఇష్టం.

ఇది చదివి నవ్వుతారని తెలుసు. అయితే అమెరికా సంగతి వినండి. 1926లో అక్కడి ప్రజారోగ్య సంఘం, మగవాళ్ళు మాత్రమే వాడే పూల్స్‌లో బట్టల్లేకుండా ఈదడమే మేలని తన మార్గదర్శకాల్లో రాసింది. ఎందుకంటే ఆ రోజుల్లో ఈత దుస్తులు ఎక్కువగా ఉన్నివి. తడిస్తే బరువెక్కి కిందికి జారేవి, పైగా ఉన్ని పోగులు ఊడి ఫిల్టర్లలో చిక్కుకుని నీళ్ళ దారినే మూసేసేవి. దాంతో వై.ఎమ్.సి.ఏ. పూల్స్‌లోనూ, చాలా స్కూళ్ళ పూల్స్‌లోనూ మగపిల్లలు ఒంటి మీద నూలుపోగు లేకుండా ఈత నేర్చుకునేవారు. మాస్టారు గట్టు మీద విజిల్ పట్టుకుని నిలబడేవాడు, ఎవరూ వింతగా అనుకునేవారు కాదు. 1960ల దాకా ఇది మామూలే.

సరిగ్గా ఆ కాలంలోనే, ఆ దేశంలోనే, సముద్రపు ఒడ్డున మగవాడు ఛాతీ కప్పుకోకపోతే పోలీసులు పట్టుకునేవారు! 1935లో అట్లాంటిక్ సిటీ బీచ్‌లో చొక్కా లేదని 42 మందిని అరెస్టు చేశారు. నాలుగు గోడల మధ్య ఏమీ లేకపోయినా పర్లేదు, బయట మాత్రం ఛాతీ కనిపిస్తే నేరం. 1930ల చివరికి ఆ చొక్కా గోల సద్దుమణిగింది. తర్వాత నైలాన్ వచ్చి పోగులు రాలడం తగ్గింది, ఫిల్టర్లు బాగుపడ్డాయి, ఆడామగా కలిసి ఈదడం పెరిగింది. స్కూళ్ళలో ఆ పాత పద్ధతీ పోయింది. ఇప్పుడు అదే అమెరికాలో మగపిల్లలు మోకాళ్ళు దాటే నిక్కర్లతో దూకుతున్నారు, ఫ్రాన్స్ రూలు వింటే ముక్కున వేలేసుకుంటున్నారు.

సిగ్గు గురించి పెట్టిన రూల్స్ కూడా లేకపోలేదు. ఇస్లాంలో మగవాడు బొడ్డు నుంచి మోకాలి దాకా కప్పుకోవాలని చాలామంది పాటిస్తారు. వాళ్ళకి పొడుగు నిక్కరు మర్యాద, చిన్న డ్రాయరు ఇబ్బంది. ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ వాటర్‌పార్క్ 2009లో ఫ్రాన్స్ రూలుని తిరగేసింది. కుటుంబాలు వచ్చే చోటు కదా, బిగుతు డ్రాయర్లు వద్దు, నిక్కర్లు వేసుకోండి అంది. ఫ్రాన్స్‌లోనే గ్రెనోబుల్ నగరం 2022లో ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులకి వీలిస్తూ రూల్ మారిస్తే, కింది కోర్టు ఆ మార్పుని నిలిపేసింది, అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ జూన్‌లో దాన్నే ఖాయం చేసింది. అది ప్రధానంగా ఆడవాళ్ళ దుస్తుల గొడవే. కానీ శుభ్రత పేరుతో వచ్చిన రూలు మతం దాకా, రాజకీయాల దాకా ఎలా పాకుతుందో అక్కడ కనిపిస్తుంది. ఆ గొడవలో ఎవరిది న్యాయమో మీరు పెద్దయ్యాక తేల్చుకోండి.

పోటీల్లో ఈదేవాళ్ళ లెక్క వేరు. 2009లో రోమ్ ప్రపంచ పోటీల్లో పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసిన నిగనిగలాడే సూట్లతో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. దెబ్బకి 2010 నుంచి మగవాళ్ళ సూటు నడుము నుంచి మోకాలి దాకానే ఉండాలన్నారు, అదీ నేసిన బట్టతోనే.

చిన్నవాడు టీషర్టుతో దిగొచ్చా అని విడిగా అడిగాడు. కాటన్ టీషర్టు చాలాచోట్ల కుదరదు, నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది కూడా. ఈతకని కుట్టిన పొడుగు చేతుల బిగుతు చొక్కా వేరు. ఆస్ట్రేలియాలో ఎండ దెబ్బకి భయపడి పిల్లలకి అదే వేయమంటారు. ఫ్రాన్స్‌లో మాత్రం చాలా పూల్స్ దానికీ ఒప్పుకోవు. జపాన్‌లో చాలా పూల్స్‌లో టోపీ తప్పనిసరి, ఒంటి మీద పచ్చబొట్టు ఉంటే చాలాచోట్ల అసలు రానివ్వరు. అందుకే కొత్త దేశంలో ఈతకి వెళ్ళేముందు ఆ పూల్ వాళ్ళ వెబ్‌సైట్‌లో రూల్స్ చూసుకోండి. బ్యాగులో నిక్కరూ, డ్రాయరూ, టోపీ మూడూ వేసుకోండి. అన్నీ కలిపినా గుప్పెడు బరువు ఉండవు.

మీ తాతయ్య