ఆర్గ్‌వి నుంచి గెట్‌ఆప్ట్ దాకా: ఒక గీత వెనుక ఇంత తకరారు

కర్నూలు, అనంతపురం, కడప కాలేజీ ల్యాబుల్లో టర్బో సి నీలం తెర మీద సి నేర్చుకున్నవాళ్లకు ఆర్గ్‌సి (ప్రోగ్రాంను పిలిచేటప్పుడు కొట్టిన మాటల లెక్క), ఆర్గ్‌వి (ఆ మాటల వరుస) అనగానే గుర్తొచ్చేది ఒకటే, రెండు అంకెలు కూడే ప్రోగ్రాం. రన్ మెనూలో ఆర్గ్యుమెంట్స్ తెరిచి 10, 20 అని కొడితే 30 వస్తుంది. పాఠం అక్కడితో సరి. అదే మనిషి తర్వాత లినక్స్ మీద మండలాల వానలెక్క చదివే ‘వాన’ అనే ప్రోగ్రాం రాసి, -ఎన్ అంటే ఎన్ని రోజులు, -వి అంటే వివరంగా అని ఆప్షన్లు పెట్టబోతే, ఆ గీతను చదివే పని ఎవరిదో తెలియక మాటలు పోల్చే స్ట్రింగ్‌కంపేర్‌లు వరుసగా పేరుస్తాడు.

ఆ పని ఎవరిదీ కాదు. ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ కెర్నల్ ఇచ్చేది మాటల వరుస ఒక్కటే. ఆర్గ్‌వి సున్నాలో ప్రోగ్రాం పేరు, తర్వాత మనం కొట్టిన మాటలు, చివర, ఇక్కడితో సరి అని చెప్పే నల్ పాయింటర్. సి ప్రమాణానికి గీత అంటే మామూలు అక్షరమే. మిగిలిందంతా వాడుక. పైగా ఆ వాడుక ఒక్క చోట పుట్టింది కాదు.

యూనిక్స్‌కు ముందు వచ్చిన ఆపరేటింగ్ సిస్టం మల్టిక్స్‌లో అప్పటికే గీత తర్వాత పూర్తి మాట రాసేవారు. యూనిక్స్ దాన్ని ఒక్క అక్షరానికి కుదించింది. కానీ మొదట్లో ఏ ప్రోగ్రాం రాసినవాడు ఆ ప్రోగ్రాంకు తన పద్ధతి పెట్టుకున్నాడు. ఫైళ్లను కలిపి ఒక ఆర్కైవ్‌గా కట్టే టార్‌కు గీతే అక్కర్లేదు. డేటా కాపీ చేసే డిడికి ‘ఐఎఫ్=’, ‘ఓఎఫ్=’ అని రాయాలి. ఫైళ్లు వెతికే ఫైండ్‌లో ఒక్క గీత వెనుక నిండు పేరు వస్తుంది. పాత సార్ట్‌కు ప్లస్ గుర్తు కావాలి. డాస్ వాళ్లు స్లాష్ ఎంచుకున్నారు. 1983లో డాస్ 2.0తో డైరెక్టరీలు వచ్చేసరికి ఆ గుర్తు ఆప్షన్లకు పోయి ఉంది, అందుకే ఫైలు దారి రాయడానికి వెనక్కి వాలిన గీత పట్టుకోవాల్సి వచ్చింది.

ఈ కలగాపులగం ఇప్పటికీ కొరుకుతుంది. టార్‌కు సి, ఎఫ్, వి అక్షరాలను గీత లేకుండా కలిపి ఇచ్చి, పక్కన ఆర్కైవ్ పేరు రాస్తే పని జరుగుతుంది. అదే వరుసకు ముందు గీత పెట్టి చూడండి. ‘వి’ అనే పేరుతో ఒక ఆర్కైవ్ పుడుతుంది, మీరు రాసిన పేరును అందులో చేర్చాల్సిన ఫైలు అనుకుని వెతుకుతుంది. పాత పద్ధతిలో ఎఫ్‌కు కావాల్సిన విలువ, అంటే ఆర్కైవ్ పేరు, తర్వాతి మాటలోంచి వస్తుంది. గీత ఉన్న పద్ధతిలో ఎఫ్‌కు అంటుకుని ఏమైనా ఉంటే అదే దాని విలువ, లేకుంటేనే తర్వాతి మాట. గీత పెట్టేవాళ్లు ఎఫ్‌ను చివర రాయాలనడానికి కారణం ఇదే.

ఈ గొడవ తీర్చడానికి యూనిక్స్ పుట్టిన ఏటీ అండ్ టీ కంపెనీలో రాసిందే గెట్‌ఆప్ట్, ఆప్షన్లు చదివిపెట్టే ఫంక్షన్. కనీసం 1980 నుంచీ అది ఉంది. 1985లో డాలస్‌లో జరిగిన యూనిఫోరం సదస్సులో, ఎవరైనా వాడుకోవచ్చంటూ దాని సోర్సు బయటపెట్టారు. తర్వాత యూనిక్స్‌లో ఒక రకమైన 4.3 బీఎస్‌డీ, ఆపై పోసిక్స్ అనే యూనిక్స్ ప్రమాణం దాన్ని తీసుకున్నాయి. ఉన్న పద్ధతులన్నిటినీ కలిపే ప్రయత్నం చేయకుండా, కొన్నిటిని ఎంచుకుని మిగతావి వదిలేయడమే దాని తెలివి. ఆప్షన్‌కు ఒక్క అక్షరమే. అక్షరాలను కలిపి రాయవచ్చు. విలువ అంటుకున్నా, పక్కన విడిగా ఉన్నా ఒకటే.

వాడే తీరు తేలిక. వి, ఎన్, కోలన్ మూడూ కలిపి ఒక స్ట్రింగ్ (అక్షరాల వరుస) ఇస్తాం. కోలన్ ఉంటే దాని ముందున్న అక్షరానికి విలువ కావాలని అర్థం. ఆ విలువ ఆప్ట్‌ఆర్గ్‌లో ఉంటుంది, తర్వాత చదవాల్సిన చోటు ఆప్ట్‌ఇండ్‌లో ఉంటుంది (1తో మొదలు). ఆప్షన్లు అయిపోతే -1 వస్తుంది. తెలియని అక్షరం వస్తే ప్రశ్నార్థకం. స్ట్రింగ్ మొదటనే కోలన్ పెడితే, విలువ ఇవ్వడం మరిచినప్పుడు ప్రశ్నార్థకానికి బదులు కోలన్ తిరిగొస్తుంది, ఏ తప్పో విడిగా చెప్పవచ్చు.

ఆ -1 దగ్గరే చాలామంది పడతారు. ఫలితాన్ని పూర్ణాంకం పట్టే ఇంట్‌లో కాక, ఒక్క అక్షరం పట్టే చార్‌లో పెట్టుకుంటే ల్యాబ్ పీసీలో ఏమీ తేడా కనబడదు, ఎందుకంటే ఇంటెల్ మీద జీసీసీ కంపైలర్‌కు చార్ సైన్డ్, అంటే రుణ అంకెలూ పడతాయి. రాస్‌ప్‌బెర్రీ పై లాంటి ఆర్మ్ బోర్డు మీద లినక్స్‌లో అది అన్‌సైన్డ్, రుణ అంకెలు పట్టవు. -1 కాస్తా 255 అవుతుంది, 255 ఎన్నటికీ -1తో సమానం కాదు, లూప్ ఆగదు. డిఫాల్ట్ కేసులో వాడే విధానం చూపించి ఎగ్జిట్ అయ్యేలా రాసి ఉంటే ఇంకా తికమక: ఏం ఇచ్చినా ఆ సందేశమే వస్తుంది. బోర్డు లేకున్నా, అన్‌సైన్డ్ చార్ ఫ్లాగుతో కంపైల్ చేస్తే ఇది మీ ల్యాప్‌టాప్‌లోనే బయటపడుతుంది.

ఇంకో చిక్కు కంపైల్ దగ్గర. గెట్‌ఆప్ట్ పోసిక్స్‌ది, సి ప్రమాణంలోది కాదు. అందుకని సి99 (1999 నాటి సి ప్రమాణం) అని కచ్చితంగా అడిగితే లినక్స్‌లో యూనిస్టెడ్ హెడర్ దాన్ని దాచేస్తుంది, ఆప్ట్‌ఆర్గ్ ఎవరో తెలియదని ఎర్రర్ వస్తుంది. అదనపు ఫంక్షన్లనూ చూపే గ్నూ99 అని అడగండి, లేదా గెట్‌ఆప్ట్ హెడర్‌నే చేర్చండి. మైక్రోసాఫ్ట్ సి లైబ్రరీలో అసలు గెట్‌ఆప్టే లేదు, విండోస్‌లో జీసీసీ నడిపే మింగ్‌డబ్ల్యూతో దొరుకుతుంది.

లినక్స్ వాడే సి లైబ్రరీ రాసిన గ్నూ వాళ్లు దీనికి రెండు గీతల నిండు పేర్లు చేర్చి గెట్‌ఆప్ట్‌లాంగ్ చేశారు. ఆ పేర్ల పట్టిక చివర సున్నాల వరుస మరిస్తే ప్రోగ్రాం మెమరీలో ఎక్కడెక్కడో తిరిగి కూలుతుంది. పేరును కుదించి రాసే వీలు కూడా ఇచ్చారు. నా లెక్కన అది మేలు చేయబోయి చేసిన కీడు: ఇవాళ ‘వెర్’ అంటే వెర్బోస్ అని పనిచేసిన స్క్రిప్టు, రేపు మీరు వెర్షన్ అనే ఆప్షన్ చేర్చగానే ఆగిపోతుంది. గ్నూ ఫైలు పేర్లను వెనక్కి నెట్టి ఆప్షన్లను ముందు చదువుతుంది కూడా. పోసిక్స్ నియమం ప్రకారం మొదటి ఫైలు పేరు దగ్గరే ఆగాలి. అందుకే ఫైలు పేరు తర్వాత -ఎన్ 5 అని రాస్తే లినక్స్‌లో పనిచేసే ‘వాన’ మాక్‌లో ఆ రెంటినీ ఫైళ్లనుకుంటుంది. లినక్స్‌లోనే ఆ తీరు కావాలంటే ఆప్షన్ల స్ట్రింగ్ మొదట ప్లస్ పెట్టాలి.

సొంతంగా రాసుకున్న లూపుల మూల్యం 2022 జనవరిలో బయటపడింది. వేరే యూజర్ హక్కులతో ప్రోగ్రాంలు నడిపే పీకెఎగ్జెక్ అనే లినక్స్ ప్రోగ్రాం ఆర్గ్‌విని ఒకటో స్థానం నుంచి చదివేది. ఆర్గ్‌సి సున్నాగా కూడా పిలవవచ్చని రాసినవాళ్లకు తట్టలేదు. అలా పిలిస్తే ఒకటో స్థానంలో ఉండేది ఎన్విరాన్‌మెంట్‌లోని (ప్రోగ్రాంకు అందే సెట్టింగుల పట్టిక) మొదటి మాట. దాన్ని పట్టుకుని మామూలు యూజర్ రూట్ (సర్వాధికారాలున్న యూజర్) కాగలిగాడు. ఆ తప్పు 2009లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ఉంది. తర్వాత లినక్స్ 5.18లో, ఖాళీ ఆర్గ్‌వి వస్తే కెర్నలే ఒక ఖాళీ మాట చేర్చేలా మార్చారు.

గెట్‌ఆప్ట్ వాడినా తీరని తకరారు రుణ అంకెలది. వర్షపు లోటు -38 అని నేరుగా ఇస్తే, 3 అనే ఆప్షన్ లేదు, 8 అనే ఆప్షన్ లేదు అని రెండు ఫిర్యాదులు వస్తాయి. దాని ముందు విడిగా రెండు గీతలు పెడితే అక్కడితో ఆప్షన్లు అయిపోయినట్టు. లేదా -ఎల్ అనే ఆప్షన్‌కు విలువగా ఇవ్వండి, విలువ గీతతో మొదలైనా గెట్‌ఆప్ట్ పట్టించుకోదు. ఆ పట్టించుకోకపోవడానికి రెండో పక్క కూడా ఉంది: -ఎన్ రాసి అంకె మరిచి పక్కన -వి కొడితే, ఎన్ విలువ ‘-వి’ అవుతుంది. దాన్ని, మాటను అంకెగా మార్చే ఏటుఐకి ఇస్తే కిమ్మనకుండా సున్నా వస్తుంది, ‘వాన’ సున్నా రోజుల లెక్క చూపిస్తుంది. అదే పని చేసే స్ట్ర్‌టుఎల్‌కు ఇచ్చి ఎండ్ పాయింటర్ ఎక్కడ ఆగిందో చూస్తే, ఒక్క అంకె కూడా చదవలేదని అక్కడే దొరికిపోతుంది.