మంచు మీద ఏ బండి?

గోపాల్‌పూర్, గంజాం జిల్లా

పిల్లలూ,

అమెరికాలో మిన్నెసోటాలో ఉన్న మీ చిన్నాన్న ఈ చలికాలం ఐసు మీద చేపలు పట్టడానికి బండి కొంటానన్న దగ్గర్నుంచి మీ ఇంట్లో రెండు పార్టీలు పుట్టాయట కదా. పెద్దోడు స్నోమొబైల్ అంటాడట, అంటే కింద రబ్బరు పట్టా, ముందు స్కీలు అనే రెండు జారుడు పలకలు ఉండే మంచు బండి. చిన్నది ఎలాంటి నేల మీదైనా పోయే నాలుగు చక్రాల ఏటీవీ కావాల్సిందే అంటుందట. తగువు తీర్చమని మీ నాన్న నాకు ఫోన్ చేశాడు. బోటు ఇంజన్లు విప్పి బిగించి బతికినవాణ్ణి, ఒక చలికాలం మీ చిన్నాన్న దగ్గర ఉండి ఆ బండ్లు రెండూ దగ్గరగా చూసి వచ్చినవాణ్ణి కనుక నాకు తెలిసింది రాస్తున్నాను. మీరు వీడియోల్లో స్పీడు చూసి పోట్లాడుకుంటున్నారు. నేనైతే బండి కింద ఏముందో ముందు చూస్తాను.

డిసెంబరులో దారింగ్‌బాడి వెళ్లినప్పుడు తెల్లారి గడ్డి మీద తెల్లగా పేరుకున్నది చూసి ఎగిరి గంతులేశారు. ఎండ తగలగానే అది మాయం. అక్కడ అలా కాదు, నెలల తరబడి సరస్సే బిగుసుకుపోతుంది. బిగిసేది పైన మాత్రమే. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది, అందుకని ఆ నీరు అడుక్కి దిగుతుంది. అంతకంటే చల్లబడినది తేలికై పైకి చేరి గడ్డకడుతుంది. అడుగున చేపలు హాయిగా తిరుగుతుంటాయి. వాళ్లు పెద్ద బరమాతో ఐసులో గుండ్రంగా కన్నం వేసి, అందులోంచి గేలం దింపి కూర్చుంటారు. వాలై అనే చేప కోసం గంటలు గంటలు. ఆ ఓపిక చూస్తే మన వలల వాళ్లకి నవ్వొస్తుంది గానీ, చేప మాత్రం రుచిగానే ఉంటుంది.

ఇక ఐసు సంగతి. మనకి తెలిసిన ఐసంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చే దిమ్మ. ఈసారి రేవు దగ్గర దిమ్మలు దింపుతుంటే కాసేపు ఆగి చూడండి. అంచుల్లో అద్దంలా ఉంటుంది, నడిమధ్యన పాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది. డబ్బాలో నీళ్లు గోడల వైపు నుంచి లోపలికి గడ్డకడుతూ వస్తాయి. నీళ్లలో ఉన్న గాలి వెళ్లడానికి దారి లేక మధ్యలో చిక్కుకుంటుంది. ఆ తెలుపంతా బుడగలే. సరస్సు మీదా ఈ రెండు రకాలూ కనిపిస్తాయి. నీరు నెమ్మదిగా బిగిస్తే అద్దంలాంటి ఐసు వస్తుంది, కింద నీళ్లు కనపడి నల్లగా కూడా తోస్తుంది. గట్టిది అదే. పైన పడిన మంచు తడిసి మళ్లీ బిగిస్తే తెల్లటి ఐసు అవుతుంది, దాని బలం సుమారు సగం.

మిన్నెసోటా ప్రభుత్వం వాళ్లు చెప్పే లెక్క ఇది: అద్దంలాంటి కొత్త ఐసు 4 అంగుళాలుంటే మనిషి నడవొచ్చు, 5 నుంచి 7 అంగుళాలుంటే స్నోమొబైల్ గానీ చిన్న ఏటీవీ గానీ దింపొచ్చు. తెల్లటి ఐసైతే ఆ లెక్క రెట్టింపు చేసుకోవాలి. ఏ ఐసుకీ పూర్తి గ్యారంటీ లేదని కూడా వాళ్లే చెబుతారు. ఒక చోట ఏడంగుళాలుంటే, పది అడుగుల అవతల వాగు వచ్చి కలిసే చోట మూడే ఉండొచ్చు. అందుకే తెలిసినవాళ్లు దారి పొడుగునా కన్నాలు వేసి కొలుచుకుంటూ వెళతారు.

రెండు బండ్లకీ ఒకే లెక్క ఎందుకిచ్చారో పెద్దోడు ఆలోచించాలి. స్నోమొబైల్‌కి వెడల్పాటి రబ్బరు పట్టా ఉంది కదా, దానికి తక్కువ ఐసు సరిపోవాలి కదా అని నువ్వు అడుగుతావు. సరిపోదు. రెండు బండ్లూ ఇంచుమించు 200 నుంచి 300 కిలోల బరువు. మీద మనిషి, సామాను అదనం. తేలుతున్న ఐసు వంగేది బండి మొత్తం బరువుకి. కింద ఉన్నది పట్టానా చక్రమా అన్నది దానికి పెద్దగా పట్టదు. స్పీడుతో దాటేస్తే ఐసు పగలదనుకునేవాళ్లూ ఉన్నారు, అదీ తప్పే. బండి కదులుతుంటే ఐసు కింద నీళ్లలో అల లేస్తుంది, ఒడ్డు దగ్గర లోతు తక్కువ చోట అది ఐసునే విరగ్గొట్టగలదు. కాబట్టి ఏ బండైనా ఒడ్డు దగ్గర మెల్లగానే పోవాలి.

పట్టా గొప్పతనం ఐసు మీద పడిన మంచులో తెలుస్తుంది. పంక్చర్ షాపులో స్కూటర్ టైరుకి ముప్పై చిల్లర గాలి పెట్టమంటాం కదా, ఏటీవీ బెలూన్ టైర్లకి 5 నుంచి 7 పెడితే చాలు. టైరు నేలని నొక్కే ఒత్తిడి దాదాపు ఆ గాలి ఒత్తిడంతే ఉంటుంది. స్నోమొబైల్ బరువేమో పొడుగాటి పట్టా మీదా రెండు స్కీల మీదా పరుచుకుని, ఒత్తిడి అదే కొలతలో ఒకటికి అటూ ఇటూగా దిగిపోతుంది. మెత్తటి మంచు అడుగున్నర పేరుకుంటే ఏటీవీ పొట్ట మంచుకి ఆనుకుంటుంది, చక్రాలు గాల్లో తిరిగినట్టు ఊరికే తిరుగుతాయి. దిగి పార పట్టుకోవడమే. స్నోమొబైల్ దాని మీద తేలిపోతుంది. పెద్దోడా, ఈ పాయింటు నీదే.

కానీ ఎగరకు. గాలికి మంచంతా కొట్టుకుపోయి ఉత్త ఐసు మిగిలిన సరస్సు మీద స్నోమొబైల్‌కి చుక్కలు కనిపిస్తాయి. స్కీలు జారతాయి, తిప్పినా తిరగదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంజను వేడిది. మన పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డు మోటారు సముద్రపు నీళ్లు పీల్చుకుని చల్లబడుతుంది, పక్కనుంచి సన్నటి ధార చిమ్ముతుంటే ఇంజను బాగున్నట్టు. పాలిథిన్ సంచి అడ్డం పడి ఆ ధార ఆగిందా, కాసేపట్లో ఇంజను కాలిపోతుంది. ఎక్కువ స్నోమొబైళ్లకి నీళ్ల స్థానంలో మంచు. పట్టా ఎగజిమ్మే మంచు పైనున్న గొట్టాల మీద పడి లోపలి నీటిని చల్లార్చాలి. పట్టా జారే ప్లాస్టిక్ పట్టీలకి కూడా ఆ మంచే గ్రీజు. ఉత్త ఐసు మీద రెండూ దొరకవు. ఇంజను మీటరు ఎర్రగా వెలుగుతుంది, పట్టీలు కరుగుతాయి. ఐసుని గీరి పొడి లేపే ఇనుప పుల్లలు తగిలిస్తారు, కొంత నయం. ఫ్యానుతో చల్లబడే మోడళ్లూ ఉన్నాయి, చేపల వేటకి వెళ్లేవాళ్లలో కొందరు వాటినే ఇష్టపడతారు. ఏటీవీకి రేడియేటరూ ఫ్యానూ ఉంటాయి, ఈ బాధ లేదు. చక్రాలకి చైన్లు చుడితే ఐసుని పట్టుకుంటుంది.

లాగుడు సంగతి కూడా చెప్పాలి. చేపలు పట్టేవాళ్లు ఉత్త చేతులతో పోరు. చలికి తట్టుకునే గుడారం, హీటరు, బరమా, ఎర డబ్బాలు, అన్నీ స్లెడ్డు మీద వేసి లాక్కెళతారు. రెండు బండ్లలోనూ సాధారణంగా బెల్టు డ్రైవే ఉంటుంది, మీ అమ్మ స్కూటీలో ఉన్న రకమే. బరువు లాగుతూ నిదానంగా పోతే ఆ బెల్టు వేడెక్కుతుంది. ఏటీవీలో బరువు లాగడానికి లో గేరు వేరేగా ఉంటుంది, నాలుగు చక్రాలూ తిరుగుతాయి, ముందూ వెనకా సామాన్ల ర్యాకులు ఉంటాయి. వేసవిలో పొలంలో తిరగొచ్చు, చలికాలంలో ఇంటి ముందు మంచు తోయొచ్చు. స్నోమొబైల్‌ని ఏప్రిల్లో టార్పాలిన్ కప్పి పక్కన పెట్టాల్సిందే. అందుకని ఒక్కటే కొనగలిగినవాడికి నేను చాలాసార్లు ఏటీవీయే చెబుతాను. గెలిచానని చిన్నది అరవక్కర్లేదు, ఇంకా ఉంది.

స్లష్ అని ఒకటుంది, అదే అసలు టెన్షన్. మంచు బాగా కురిస్తే ఆ బరువుకి ఐసు కిందికి కుంగుతుంది. పగుళ్లలోంచి నీళ్లు పైకి వస్తాయి. పైనున్న మంచు దుప్పటిలా కప్పి ఆ నీళ్లని గడ్డకట్టనివ్వదు. చూపుకి తెల్లటి మైదానం, అడుగేస్తే బురద. స్నోమొబైల్ ఆగకుండా వెళితే దాటొచ్చు. ఆగిందా, పట్టాకి పట్టిన బురద రాయిలా బిగుస్తుంది. ఏటీవీ చాలాసార్లు దాటనే దాటదు. ఏటీవీకి చక్రాలు తీసి నాలుగు పట్టాలు తగిలించే కిట్లు వస్తాయి, మంచులో బాగానే పోతుంది. ఖరీదు మాత్రం మామూలుగా ఉండదు, బండి స్పీడూ తగ్గుతుంది.

రెండు బండ్లూ ఇలా వేరు వేరుగా ఉండడానికి వాటి పుట్టుక కూడా కొంత కారణం. కెనడాలో వాల్‌కోర్ ఊళ్లో బొంబార్డియే కంపెనీ 1959లో స్కీ-డూ తెచ్చింది, మంచు మూసేసిన దారుల్లో మనిషి తిరగడానికి. హోండా 1970లో మూడు చక్రాలతో తెచ్చిన బండి ఏటీవీలకి పెద్దన్న. మూడు చక్రాలవి బోల్తా కొట్టి ప్రమాదాలు పెరగడంతో అమెరికాలో 1988లో వాటి అమ్మకం ఆపేశారు, నాలుగు చక్రాలవి నిలిచాయి. రెండూ కళ్లారా చూడాలంటే మనదేశంలో గుల్మార్గ్ పోవచ్చు, టూరిస్టులని ఎక్కించి తిప్పుతారు.

మీ చిన్నాన్న ఇల్లు చిన్న సరస్సు పక్కనే. గాలి ఎక్కువ, మంచు నిలవదు, గుడారం లాగాల్సిన దూరం కూడా కొంచెమే. వాడికి ఏటీవీ, చైన్లు, చేతులు వెచ్చబెట్టే హ్యాండిళ్లు చాలని చెప్పాను. అదే లేక్ ఆఫ్ ది ఉడ్స్ లాంటి సముద్రమంత సరస్సులో మైళ్లు లోపలికి, లోతు మంచులో పోయేవాడైతే స్నోమొబైలే అని ఉండేవాణ్ణి. ఆదివారం వాడు ఫోన్ చేస్తే ఏ రంగు బండి అని అడక్కండి. సరస్సు మీద మంచు ఎన్ని అంగుళాలు, కింద ఐసు ఎన్ని అంగుళాలు, అందులో తెల్లది ఎంత అని అడిగి రాసుకుని నాకు చెప్పండి.

మీ తాతయ్య