రెండు నెలల బకాయి, 15 రోజుల నోటీసు: జీతాల కోత తగువు ఎక్కడ మొదలైంది

ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ క్లబ్బులు ఆటగాళ్ళను జీతం తగ్గించుకోమని అడుగుతున్నాయన్న వార్తలు కుదించిన 2025-26 సీజన్‌కు ముందు నుంచే వస్తున్నాయి. పైపైన చూస్తే ఆ లెక్క సబబుగానే ఉంటుంది. 2024-25లో 13 జట్లు ఒకదానితో ఒకటి రెండేసి సార్లు తలపడ్డాయి కాబట్టి లీగ్ దశలో ఒక్కో జట్టు 24 మ్యాచ్‌లు ఆడింది. ఈసారి 14 జట్లు ఒక్కోసారే తలపడాలి గనుక జట్టుకు 13 మ్యాచ్‌లే వస్తాయి, అన్నీ కలిపితే 91. ఆట సగానికి తగ్గినప్పుడు జీతం మాత్రం నిండుగా ఎందుకివ్వాలని యాజమాన్యాలు అడుగుతున్నాయి. ఆటగాడి ఒప్పందం మ్యాచ్‌ల లెక్కన కాకుండా నెలల లెక్కన రాసుకున్నదన్న సంగతి మాత్రం ఆ ప్రశ్నలో కనిపించదు.

ఆటగాళ్ళ హక్కుల మీద రాసే ప్రతి కథనమూ బెల్జియం ఆటగాడు బోస్మన్ కేసుతో, 1995 డిసెంబరు 15 నాటి యూరప్ న్యాయస్థానం తీర్పుతో మొదలవుతుంది. ఆ కథ పాఠకులకు తెలిసిందే, పైగా ఇవాళ్టి తగువుకు అది పెద్దగా అక్కరకు రాదు. బోస్మన్ గెలిచింది ఒప్పందం గడువు తీరిపోయిన ఆటగాడి స్వేచ్ఛ. ఇప్పుడు మన ముందున్నది గడువు ఇంకా మిగిలి ఉండగానే జీతం ఆగిపోయిన ఆటగాడు. అతని దారి మారింది 2018 జూన్ 1న. ఆ రోజు నుంచి అమల్లోకి వచ్చిన ఒక చిన్న నిబంధన గురించి మన దగ్గర మాట్లాడేవాళ్ళు తక్కువ.

అంతకు ముందు ఉన్న స్థితి ఇది. ఫిఫా బదిలీ నిబంధనల్లో 14వ అధికరణం ‘సరైన కారణం’ ఉంటే ఒప్పందాన్ని ఏ పక్షమైనా తెంచుకోవచ్చని చెప్పేది గానీ, ఆ సరైన కారణం ఏమిటో చెప్పేది కాదు. మూడు నెలలు జీతం రాని ఆటగాడు బయటికి నడిస్తే అది సరైన కారణమో కాదో ఏడాది తరవాత ట్రిబ్యునల్ తేల్చేది. కాదని తేలితే జరిగే నష్టం చిన్నది కాదు. 28 ఏళ్ళు నిండకముందు సంతకం చేసినవాడికి మొదటి మూడేళ్ళు, నిండాక చేసినవాడికి మొదటి రెండేళ్ళు ‘రక్షిత కాలం’ కింద లెక్క. ఆ కాలంలో అకారణంగా తెంచుకుంటే క్లబ్బుకు పరిహారం చెల్లించడమే కాక నాలుగు నెలలు ఆటకు దూరంగా కూర్చోవాలి. పదేళ్ళకో పన్నెండేళ్ళకో ముగిసిపోయే వృత్తిలో నాలుగు నెలలంటే ఏమిటో ఆడేవాళ్ళకు చెప్పనక్కరలేదు. అందుకే చాలామంది జీతం రాకపోయినా నోరు మూసుకుని ఉండిపోయేవారు. అంతర్జాతీయ ఆటగాళ్ళ సంఘం ఫిఫ్‌ప్రో 54 దేశాల్లో దాదాపు 14 వేల మందిని అడిగి 2016లో ఒక నివేదిక వెలువరించింది. వారిలో 41 శాతం మంది గడిచిన రెండు సీజన్లలో తమకు జీతం ఆలస్యమైందని చెప్పారు.

బదిలీ వ్యవస్థ మీద అదే సంఘం 2015లో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసి ఉంది. 2017 నవంబరులో ఫిఫాతో రాజీ కుదిరాక ఆ ఫిర్యాదును వెనక్కి తీసుకుంది. ఆ రాజీ ఫలమే 14వ అధికరణానికి జతగా చేర్చిన 14-బిస్ అధికరణం. అందులోని మాట సూటిగా ఉంటుంది. క్లబ్బు చట్టవిరుద్ధంగా కనీసం రెండు నెలల జీతం గడువుకు చెల్లించకపోతే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసిచ్చి కనీసం 15 రోజులు ఆగి, అప్పటికీ డబ్బు రాకపోతే ఒప్పందం తెంచుకోవచ్చు. అది సరైన కారణమే అవుతుంది. మిగిలిన ఒప్పంద కాలానికి పరిహారం కూడా అడగవచ్చు. అతను వెంటనే వేరే చోట చేరితే అక్కడి జీతాన్ని ఆ పరిహారంలోంచి మినహాయిస్తారు గానీ, బకాయిల వల్లే తెంచుకున్నాడు కాబట్టి అదనంగా మూడు నెలల జీతం కలుపుతారు, మరీ ఘోరమైన సందర్భాల్లో ఆరు నెలల దాకా కలుపుతారు. జీతం ఆపడం అంతవరకూ క్లబ్బు చేతిలో ఉన్న ఒత్తిడి సాధనం. ఆ రోజు నుంచి అదే పని క్లబ్బు మెడకు చుట్టుకునే అవకాశం వచ్చింది.

తెలుగువాళ్ళకు ఈ నిబంధన పుస్తకంలోంచి దిగి వచ్చి కనిపించింది హైదరాబాద్ ఎఫ్‌సీ విషయంలో. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ పెనాల్టీ షూటౌట్‌కు వెళ్ళినప్పుడు గోల్‌కీపర్ కట్టిమణి మూడు షాట్లు ఆపి ట్రోఫీ తెచ్చిపెట్టాడు. రెండేళ్ళు తిరగకుండానే అదే క్లబ్బు జీతాలివ్వలేని స్థితికి చేరింది. మాజీ ఆటగాళ్ళ బకాయిలు తీర్చనందుకు కొత్తవాళ్ళను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. 2023-24 సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్ళలో ఎక్కువమంది ఒప్పందాలు తెంచుకుని వెళ్ళిపోయారు, వారి వెనుకే పలువురు భారతీయులూ వెళ్ళారు. మిగిలిన కుర్రాళ్ళతో 22 మ్యాచ్‌లు పూర్తి చేసిన ఆ జట్టు ఒకే ఒక్క విజయంతో పట్టికలో అట్టడుగున నిలిచింది. అప్పట్లో వెళ్ళిపోయినవాళ్ళను జట్టును నట్టేట ముంచారని నిందించినవారు ఉన్నారు. నెలల తరబడి ఇంటికి డబ్బు పంపలేనివాడు ఎవరిని ముంచినట్టు? తరవాత క్లబ్బు చేతులు మారింది, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలి స్టేడియం ఖాళీ అయింది.

ఇక ఇవాళ్టి చిక్కు. 2010 డిసెంబరులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను 15 ఏళ్ళకు 700 కోట్ల రూపాయలకు అప్పగించింది. ఆ గడువు 2025 డిసెంబరు 8న తీరుతుందని అందరికీ పదిహేనేళ్ళుగా తెలుసు. తెలిసీ సకాలంలో కొత్త ఒప్పందం కుదుర్చుకోలేదు. ఆ ఒప్పందం సంగతి తేలకపోవడంతో 2025 జులై 11న ఆ హక్కులతో లీగ్ నడుపుతున్న సంస్థ సీజన్‌ను నిలిపివేస్తున్నట్టు క్లబ్బులకు తెలిపింది. ఆగస్టు మొదటి వారంలో బెంగళూరు ఎఫ్‌సీ తన మొదటి జట్టు ఆటగాళ్ళు, సిబ్బంది జీతాలను నిరవధికంగా ఆపుతున్నట్టు ప్రకటించింది. చెన్నైయిన్ కూడా మొదటి జట్టు కార్యకలాపాలు నిలిపేసింది. కొత్త టెండరుకు నవంబరు గడువు నాటికి ఒక్క బిడ్డు కూడా రాలేదు. 2026 జనవరి మొదట్లో సునీల్ ఛెత్రి, గుర్‌ప్రీత్ సింగ్ సంధు, సందేశ్ జింగన్ వంటి సీనియర్లు ఒక వీడియోలో ఫిఫాను జోక్యం చేసుకోమని వేడుకున్నారు. ఆ నెల 6న కేంద్ర క్రీడా మంత్రి ఫిబ్రవరి 14 నుంచి లీగ్ ఉంటుందని ప్రకటించాక గానీ ఎవరికీ ఊపిరాడలేదు. కోత మాట గట్టిగా వినిపించింది ఆ తరవాతే.

ఈ ఒప్పంద పత్రం ఎలా ఉంటుందో ఈ మధ్య దగ్గరగా చూసే అవకాశం వచ్చింది. అనంతపురంలో ఆర్‌డీటీ స్పోర్ట్స్ విలేజ్ మైదానాల్లో ఆడి పెరిగిన పిల్లల్లో కొందరు ఇప్పుడు బయటి రాష్ట్రాల కింది డివిజన్ క్లబ్బుల్లో ఆడుతున్నారు. అలాంటి ఒక కుర్రాడి తండ్రి, శనక్కాయ రైతు, సప్తగిరి సర్కిల్ దగ్గర టీ అంగట్లో కూర్చుని సెల్‌ఫోన్‌లో పత్రం చూపించాడు. ఇంగ్లిషులో 11 పేజీలు. మొదటి పేజీలో నెల జీతం, సంతకం చేసినప్పుడు ఇచ్చే మొత్తం. తరవాత మ్యాచ్‌లో దిగితే ఇంత, గోలు కొడితే ఇంత అన్న బోనసులు, ఇల్లు, భోజనం, ప్రయాణం. గాయమైతే వైద్య ఖర్చు ఎవరిదన్నది ఒక వాక్యం. ఏడో పేజీలో ‘క్లబ్బు కోరుకున్నట్లయితే’ ఇదే జీతానికి మరో ఏడాది పొడిగింపు. కుర్రాడు కోరుకున్నట్లయితే ఏమవుతుందో ఏ పేజీలోనూ లేదు.

పెద్ద ఆటగాళ్ళ పత్రాల అస్థిపంజరం కూడా ఇదే, అంకెలే వేరు. ఫిఫా నిబంధనల ప్రకారం ఒప్పందం ఐదేళ్ళకు మించకూడదు, 18 ఏళ్ళ లోపు వారికైతే మూడేళ్ళు. గడువు ఆరు నెలల్లోకి వచ్చాక ఆటగాడు వేరే క్లబ్బుతో ముందస్తుగా సంతకం చేసుకోవచ్చు. మామూలు రోజుల్లో జీతం పెంచమని బేరం మొదలయ్యేది ఆ ఆరు నెలల గీత దగ్గరపడినప్పుడే, ఎందుకంటే అది దాటితే ఆటగాడు ఉచితంగా చేజారిపోతాడు. అందుకే మంచి ఆటగాడికి ఏడాదిన్నర మిగిలి ఉండగానే క్లబ్బులు కొత్త పత్రం ముందు పెడతాయి. ఇప్పుడు జరుగుతున్నది తిరగబడిన బేరం. తగ్గింపు అడుగుతున్నది క్లబ్బు, తొందరంతా ఆటగాడి మీద ఉంది.

పత్రంలోని షరతులు వివరిస్తుంటే ఆ రైతు అన్న మాట ఇది: “ఇది గుత్త కాగితం మాదిరే ఉంది కదా సార్. వాన పడకపోతే గుత్త తగ్గించమని భూమి ఆసామిని అడుగుతాం. ఆయప్ప ఒప్పుకుంటే ఒప్పుకుంటాడు, లేకుంటే లేదు. అడక్కుండానే కట్టేది ఆపేస్తే వచ్చే ఏడు మడక ఆ చేన్లోకి పోనిస్తాడా?”

అడగడం వేరు, ఆపడం వేరు. ఫిఫా కూడా 2020 ఏప్రిల్‌లో, కరోనాతో లీగులన్నీ ఆగిపోయినప్పుడు, దాదాపు ఇదే గీత గీసింది. ఆ మార్గదర్శకాల ప్రకారం క్లబ్బులు, ఆటగాళ్ళు ముందు కలిసి మాట్లాడుకుని అంగీకారానికి రావాలి. అది కుదరక క్లబ్బు ఏకపక్షంగా కోత పెడితే, వివాదం వచ్చినప్పుడు కొన్ని సంగతులు చూస్తారు: క్లబ్బు నిజాయితీగా అంగీకారం కోసం ప్రయత్నించిందా, దాని ఆర్థిక పరిస్థితి ఏమిటి, కోత పరిమాణం ఆ పరిస్థితికి తగినట్టు ఉందా, కోత తరవాత ఆటగాడి చేతికి ఎంత మిగులుతుంది, అందరినీ ఒకేలా చూశారా లేక కొందరినే ఎంచుకున్నారా. ఆ మార్చిలో బార్సిలోనా ఆటగాళ్ళు 70 శాతం కోతకు ఒప్పుకున్నారని మన క్లబ్బుల తరఫువారు ఇప్పుడు ఉదహరిస్తున్నారు. అది ఆటగాళ్ళు అంగీకరించిన కోత. అత్యవసర పరిస్థితి నడిచినంత కాలానికే. ఆ ప్రకటన కూడా మెస్సీ తన సొంత ఖాతాలో పెట్టాడు. పైగా కరోనా ఎవరి నిర్లక్ష్యమూ కాదు. పదిహేనేళ్ళ ముందే తేదీ తెలిసిన గడువును కరోనాతో సమానంగా చూడమనడం ఎక్కువ అడగడమే.

క్లబ్బుల వైపు కూడా కష్టం ఉంది. దశాబ్దం పైగా చాలా యాజమాన్యాలు నష్టాలు భరించాయి, ఈ ఏడాది లీగ్ నుంచి వచ్చే ఉమ్మడి ఆదాయం మీద భరోసా లేకుండానే జట్లను దింపాయి. నిండు జీతాలు పట్టుబడితే కొన్ని మూతపడవచ్చన్న వారి భయం అబద్ధం కాదు.

ఒప్పందాన్ని ఆటగాళ్ళే తేలిగ్గా తీసుకుంటారన్న వాదనకు యాజమాన్యాలు చూపేది డిఫెండర్ అన్వర్ అలీ ఉదంతం. 2023లో ఢిల్లీ ఎఫ్‌సీ అతన్ని నాలుగేళ్ళ అరువు మీద మోహన్ బగాన్‌కు పంపింది. 2024 జులైలో అతను ఆ ఒప్పందం తెంచుకుని ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. సెప్టెంబరులో సమాఖ్య కమిటీ అతనికి నాలుగు నెలల నిషేధం, అతనితో పాటు ఢిల్లీ ఎఫ్‌సీ, ఈస్ట్ బెంగాల్ కలిసి మోహన్ బగాన్‌కు కట్టాల్సిన 12 కోట్ల 90 లక్షల రూపాయల పరిహారం విధించింది. ఆ ఉత్తర్వు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళి నిలవలేదు, విచారణ మళ్ళీ మొదటికి వచ్చింది. ఈ కేసులో నన్ను ఆపే సంగతి వేరే ఉంది. 2022 జులై నుంచి ఫిఫా నిబంధనలు అంతర్జాతీయ అరువు ఒప్పందాన్ని ఏడాదికి పరిమితం చేసి, దేశంలోపలి అరువులకూ అలాంటి నియమం తెచ్చుకోమని సమాఖ్యలకు మూడేళ్ళ గడువిచ్చాయి; ఆ గడువు నడుస్తుండగానే ఇక్కడ నాలుగేళ్ళ అరువు మీద ఢిల్లీ ఎఫ్‌సీ, మోహన్ బగాన్ సంతకాలు చేశాయి. ఒప్పంద గౌరవం గురించి ఆటగాడికి చెప్పే ముందు ఆ పత్రం రాసినవాళ్ళనూ ఒక మాట అడగాలి కదా.

మన చట్టం కూడా క్లబ్బులు అనుకున్నంత వారి పక్షాన లేదు. వ్యక్తిగత సేవకు సంబంధించిన ఒప్పందాన్ని కోర్టు బలవంతంగా అమలు చేయించదు, అంటే ఆడనన్నవాడిని ఎవరూ ఆడించలేరు, మిగిలేది డబ్బు లెక్కే. ఆ డబ్బుకు కూడా 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ హద్దు పెట్టింది. పత్రంలో ఎంత పెద్ద అంకె రాసుకున్నా, దానికి లోబడి సబబైన పరిహారమే దక్కుతుంది. ఒప్పందం మధ్యలో ఆటగాడు వెళ్ళాలంటే కట్టాల్సిన ‘విడుదల మొత్తాన్ని’, స్పెయిన్‌లో 1985 డిక్రీ మీద నిలిచి 2017లో నెయ్‌మార్ కోసం 22.2 కోట్ల యూరోలు కట్టించిన ఆ షరతును, మన దగ్గర కుర్రాళ్ళ పత్రాల్లో యథాతథంగా దించేసే న్యాయవాదులు ఈ సెక్షన్ మరిచిపోతున్నట్టున్నారు. 27వ సెక్షన్ ప్రకారం వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదు. 2006లో జహీర్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పంద కాలం ముగిశాక కూడా అతన్ని కట్టిపడేసే షరతు చెల్లదని తేల్చింది కూడా ఆ సెక్షన్ కిందే.

కాబట్టి ఈ వారాల్లో ఆటగాళ్ళ ముందుకొస్తున్న సవరణ పత్రాల్లో చూడవలసింది కోత శాతం ఒక్కటే కాదు. 14-బిస్ కింద ఆటగాడి బలమంతా బకాయి లెక్కలోనే ఉంది. కనీసం రెండు నెలల జీతం బకాయి ఉన్నవాడు నోటీసిచ్చి నడిచి వెళ్ళగలడు. ఏ బకాయీ లేదని సంతకం చేసినవాడి లెక్క ఆ రోజు నుంచి మళ్ళీ సున్నాతో మొదలవుతుంది. రైతు సెల్‌ఫోన్‌లో ఆ 11 పేజీల కింద పోయిన నెలలో వచ్చిన మరో పేజీ కూడా ఉంది. మూడు పేరాలు. మొదటిది మిగిలిన నెలలకు తగ్గిన జీతం గురించి, రెండోది కొత్త చెల్లింపు తేదీల గురించి. మూడోది ఇంతవరకు ఉభయుల మధ్య ఎలాంటి బాకీలూ లేవని, ఇకపై ఏ క్లెయిమూ చేయబోనని ఆటగాడు ఒప్పుకుంటున్నట్టు చెప్పే రెండు వరుసలు. అప్పటికి అతనికి మూడు నెలల జీతం రావాలి. ఆ రెండు వరుసలను తెలుగులో చెప్పమని తండ్రి రెండుసార్లు అడిగాడు. రెండోసారి విన్నాక కొడుక్కి ఫోన్ చేసి, సంతకం పెట్టొద్దని కాదు, ముందు ఆ మూడు నెలలవీ ఎంతో అంకె వేసి మెయిల్ పెట్టమని చెప్పాడు.