ఎదురుచూసే ప్రోగ్రాం

విశాఖపట్నంలోని కంప్యూటర్ ల్యాబుల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునే విద్యార్థి తొలి నెలల్లో రాసే ప్రోగ్రాములు దాదాపు ఒకే తీరున నడుస్తాయి: నల్లని తెరపై ప్రశ్న అడుగుతాయి, జవాబు తీసుకుంటాయి, లెక్క చేసి ఫలితం చూపి ముగిసిపోతాయి. ఏది ముందు, ఏది తరువాత అన్నది ప్రోగ్రాం రాసినవారి చేతిలోనే ఉంటుంది. అదే విద్యార్థి గడులు, బటన్లు ఉన్న విండో తయారుచేయడానికి కూర్చున్నప్పుడు ఆ పెత్తనం వాడేవారి చేతికి వెళ్లిపోతుంది. వారు ముందు బరువు నింపుతారో, ధర నింపుతారో, ఏమీ నింపకుండానే విండో మూసేస్తారో ఎవరూ చెప్పలేరు. విండోల తయారీలో మొదట వంటబట్టవలసింది ఈ మార్పే; రంగులు, అందచందాలు ఆ తరువాతి సంగతి.

ఫిషింగ్ హార్బరులో పడవల నుంచి దిగిన చేపలను కొనే వ్యాపారికి ఒక చిన్న విండో కావాలనుకుందాం. పడవ పేరు, చేప రకం, బరువు, కిలో ధర నింపడానికి నాలుగు గడులు, వాటి కింద ‘లెక్కించు’ అనే బటన్, దాని కింద మొత్తం సొమ్ము చూపే చోటు ఉంటే చాలు. ఇందుకు పైథాన్‌తో పాటే వచ్చే, విండోలు తయారుచేసే టీకింటర్ సరిపోతుంది. దాని వెనుక ఉన్న టీకే అనే టూల్‌కిట్‌ను, అంటే గడులు, బటన్ల వంటివి సిద్ధంగా అందించే పనిముట్ల పెట్టెను, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో జాన్ ఔస్టర్‌హౌట్, తాను 1988లో మొదలుపెట్టిన టీసీఎల్ భాషకు తోడుగా తయారుచేశారు. బొమ్మలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్ కోసం పుట్టిన జీటీకే, నార్వేలో పుట్టిన క్యూటీ కూడా ఇదే కోవకు చెందినవి. వీటిలో ఏది ఎంచుకున్నా లోపల జరిగే పని మాత్రం ఒకటే.

ఆ పనిని దగ్గరగా చూద్దాం. వ్యాపారి మౌస్ నొక్కగానే ఆ సమాచారం ముందు ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరుతుంది. తెరపై ఆ చోట ఏ ప్రోగ్రాం విండో ఉందో అది చూసి, ఆ ప్రోగ్రాం కోసం వేచి ఉండే వరుసలో ఒక ఈవెంట్‌ను, అంటే ఏం జరిగిందో చెప్పే కబురును, చేరుస్తుంది. టూల్‌కిట్ ఆ వరుసలోంచి ఒక్కొక్క ఈవెంట్‌నే తీసి, అది ఏ విడ్జెట్‌కు (గడి, బటన్ వంటి విండో భాగానికి) సంబంధించినదో తేల్చి, దానికి మనం అప్పగించి ఉంచిన ఫంక్షన్‌ను, అంటే ఒక పని చేసే కోడ్ ముక్కను, పిలుస్తుంది, అది ముగియగానే మళ్లీ వరుస దగ్గరకు వస్తుంది. టీకింటర్‌లో మెయిన్‌లూప్ అని చివర రాసే ఒక్క పంక్తిలో జరిగేదంతా ఇదే. ఆ పంక్తి లేకపోతే విండో నిలబడదు.

ఫంక్షన్‌ను అప్పగించడం, పిలవడం వేరువేరు పనులు. బటన్ తయారుచేసేటప్పుడు కమాండ్ దగ్గర ఫంక్షన్ పేరు మాత్రమే రాయాలి. అలవాటు కొద్దీ పేరు పక్కన బ్రాకెట్లు కూడా పెడితే, బటన్ తెరపైకి రాకముందే ఆ ఫంక్షన్ ఒకసారి నడిచేస్తుంది. అది తిరిగి ఇచ్చిన శూన్యమే బటన్‌కు దక్కుతుంది కాబట్టి ఆ తరువాత ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. కొత్తవారిని చాలాసేపు తికమక పెట్టే తప్పు ఇది.

మన ఫంక్షన్ నడుస్తున్నంతసేపు టూల్‌కిట్ వరుస దగ్గరకు రాలేదు. ఈ మాట ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే విండోను తిరిగి గీయడం కూడా ఆ వరుసలో వచ్చే ఈవెంటే. ‘లెక్కించు’ నొక్కినప్పుడు లెక్కతో పాటు దూరంలో ఉన్న సర్వర్‌కు పద్దు పంపే పని కూడా అదే ఫంక్షన్‌లో పెట్టామనుకోండి. నెట్‌వర్క్ నెమ్మదించిన రోజున బటన్ నొక్కింది నొక్కినట్టే ఉండిపోతుంది, గడుల్లో అక్షరం పడదు. అలా 5 సెకన్లు గడిస్తే, ఆ ప్రోగ్రాం స్పందించడం లేదని విండోస్ ఆపరేటింగ్ సిస్టమ్ తేల్చేస్తుంది. అందుకే ఆలస్యమయ్యే పనిని వేరే థ్రెడ్‌కు, అంటే అదే ప్రోగ్రాంలో పక్కన విడిగా నడిచే పని పాయకు, అప్పగించి, దాని ఫలితాన్ని ఒక క్యూలో పెట్టించి, ఆఫ్టర్ అనే సదుపాయంతో ప్రతి 100 మిల్లీసెకన్లకు ఒకసారి ఆ క్యూను చూసుకోవడం మంచి పద్ధతి. విడ్జెట్లను మార్చే పని మాత్రం మెయిన్‌లూప్ నడిచే థ్రెడ్‌కే వదిలిపెట్టాలి.

విడ్జెట్లను ఎక్కడ ఉంచాలన్న విషయంలో పిక్సెళ్లు (తెరపై చుక్కలు) లెక్కపెట్టి పెట్టడం కన్నా, పట్టికలా సర్దే గ్రిడ్ మేలు. తనకు ఎంత చోటు కావాలో ప్రతి విడ్జెట్ చెబుతుంది, వాటన్నిటినీ చూసుకుని గ్రిడ్ వరుసలను, నిలువులను సర్దుతుంది. విండోను సాగదీసినప్పుడు మిగిలే చోటు ఏ నిలువుకు పోవాలో వెయిట్ అనే విలువతో చెప్పవచ్చు. తెలుగు లేబుళ్లకు ఇది మరీ అవసరం, ఎందుకంటే కింద వత్తులు, పైన గుడులు ఉండే మన అక్షరాలకు ఇంగ్లీషు అక్షరాల కన్నా ఎత్తు ఎక్కువ కావాలి. ఇంగ్లీషుకు కొలిచి పెట్టిన గడిలో వత్తు కత్తిరించుకుపోయి కనిపించడం చూస్తూనే ఉంటాం.

ఇంతకన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం, ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో, ఆరు సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. వాటిని కలిపి ఒక రూపంగా కూర్చే పనిని జీటీకేలో పాంగో, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీలు చేస్తాయి, క్యూటీ కూడా హార్ఫ్‌బజ్‌నే వాడుకుంటుంది. లైనక్స్ మీద టీకే 8.6 ఈ కూర్పు చేయదు కాబట్టి పొల్లులు, హల్లులు విడివిడిగా పడతాయి. తెలుగువారి కోసం విండో తయారుచేసేవారు టూల్‌కిట్‌ను ఎంచుకునే ముందే ఒక లేబుల్‌లో ఈ అక్షరం రాసి చూడాలని గట్టిగా చెబుతాను.

గడిలో నింపినది ఎప్పుడూ అక్షరాల రూపంలోనే వస్తుంది, దాన్ని సంఖ్యగా మార్చుకోవాలి. ‘౧౨’ అని తెలుగు అంకెలతో రాసినా పైథాన్ దాన్ని 12గా గ్రహించడం సంతోషం కలిగించే విషయం. కానీ గడి ఖాళీగా ఉంటే మార్పిడి విఫలమవుతుంది. ఆ దోషాన్ని టీకింటర్ టెర్మినల్‌లో, అంటే మొదట్లో చెప్పిన నల్లని తెరలో, మాత్రమే రాస్తుంది. హార్బరులో కాటా పక్కన నిలబడిన వ్యాపారి ముందు టెర్మినల్ ఉండదు, మొత్తం దగ్గర పాత అంకె అలాగే కనిపిస్తుంటే ఆయన దాన్నే నిజమనుకుని సొమ్ము చెల్లించే ప్రమాదం ఉంది. కాబట్టి ఫంక్షన్ మొదట్లోనే పాత మొత్తాన్ని చెరిపేసి, మార్పిడి కుదరకపోతే ‘బరువు నింపండి’ అని ఆ గడి పక్కనే ఎర్రని అక్షరాలతో చూపాలి.

విండో మూసివేత కూడా ఈవెంటే. ప్రొటోకాల్ అనే సదుపాయంతో దానికీ ఒక ఫంక్షన్ అప్పగిస్తే, అప్పటిదాకా నింపిన పద్దులను ఫైలులోకి రాసి, ఆ తరువాతే విండోను తొలగించవచ్చు.