సోల్, జాజ్ గానం: నా క్లాసులో తరచూ వినే అపోహలు

నేను వెస్టర్న్ వోకల్స్ నేర్పుతాను. కొత్తగా చేరినవాళ్లకు ముందు సోల్ (గోస్పెల్, బ్లూస్ నుంచి పుట్టిన నల్లజాతి అమెరికన్ల సంగీతం) గాయని ఎట్టా జేమ్స్ 1994 ఆల్బమ్ ‘మిస్టరీ లేడీ’ వినిపిస్తాను. అది జాజ్ గాయని బిల్లీ హాలిడే పాటల ఆల్బమ్, పియానో మీద సీడర్ వాల్టన్. పాట సగంలో ఉండగానే ఎవరో ఒకరు అడుగుతారు: "ఈవిడ గొంతు పోయిందా మేడమ్?"

అపోహ: పై స్థాయి అందనప్పుడే సోల్ గాయనులు జాజ్‌లోకి వస్తారు.

వాస్తవం: ఎట్టాకు అప్పుడు 56 ఏళ్లు. లాస్ ఏంజెలెస్ చర్చిలో చిన్నప్పటి నుంచీ గోస్పెల్ (చర్చి భక్తిపాటలు) పాడిన గొంతు. అంత గొంతునూ ఇక్కడ కావాలనే బిగబట్టింది. ఆవిడకు మొట్టమొదటి గ్రామీ తెచ్చింది ఈ ఆల్బమే, అదీ జాజ్ విభాగంలో. అసలు ఆవిడ పేరు చెప్పగానే గుర్తొచ్చే ‘ఎట్ లాస్ట్’ కూడా 1942లో గ్లెన్ మిల్లర్ జాజ్ ఆర్కెస్ట్రా హిట్ చేసిన పాటే.

అపోహ: జాజ్‌లో తాళం ఉండదు, ఎవరిష్టం వాళ్లది.

వాస్తవం: అందరూ బోల్తా పడేది ఇక్కడే. పాత జాజ్ పాటల్లో చాలావాటికి 32 బార్లు (ఒక్కో బార్ నాలుగు లెక్కల ఆవర్తనం లాంటిది), ఎనిమిదేసి చొప్పున నాలుగు భాగాలు. బేస్ వాద్యం, డ్రమ్స్ లెక్క తప్పవు. గాయని మాత్రం మాటను కాస్త ఆలస్యంగా వేస్తుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని లెక్క కొట్టే యాప్) నిమిషానికి 50కి పెట్టండి. ఆ టిక్ 2, 4 లెక్కల మీద పడుతోందనుకుని చప్పట్లు కొట్టండి. ఇప్పుడు ఒకటో లెక్క దాటాక పాట అందుకుని, వరస చివరికి బ్యాండ్‌ని కలుసుకోండి. మొదటి వారం ఎవరికీ కుదరదు, టెన్షన్ పడకండి. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు సమం (తాళం మొదటి దెబ్బ) దాటాక ఎత్తుకోవడం అలవాటే. కాకపోతే అక్కడ ఆ ఎడం ముందే ఖాయం, ఇక్కడ వరస వరసకీ మారుతుంది.

అపోహ: గమకాలు పలికితే సోల్ వచ్చేసినట్టే.

వాస్తవం: రాదు. సాధారణ, అంతర గాంధారాల (కర్ణాటక సంగీతంలోని రెండు రకాల ‘గ’) మధ్య ఒరిగే బ్లూ నోట్ అనే స్వరం మన చెవికి దగ్గరగానే ఉంటుంది, నిజమే. ప్రతి మాటకీ తగిలిస్తే మాటే వినపడదు.

అపోహ: మెల్లగా పాడటం తేలిక, మైక్ చూసుకుంటుంది.

వాస్తవం: మెల్లగా పాడటానికే ఊపిరి మీద ఎక్కువ పట్టు కావాలి. పైగా స్టేజి మైకులు చాలావాటికి నోరు దగ్గరైనకొద్దీ బేస్ (గొంతులోని మంద్ర ధ్వని) పెరుగుతుంది. ఓ రిసెప్షన్‌లో మైక్ పెదాలకు ఆనించి, గొప్పగా పాడుతున్నాననుకున్నాను. సౌండ్ చూసే కుర్రాడు స్టేజి ఎక్కి, ఏమీ అనకుండా మైక్‌ని నాలుగు వేళ్ల దూరం జరిపి దిగిపోయాడు.