ఇంట్లో కట్టిన విమానం 'లైట్ స్పోర్ట్' కిందికి వస్తుందా? 1,320 పౌండ్ల గీత వెనుక కథ

అమెరికాలో గ్యారేజీల్లో విమానాలు కట్టుకునేవాళ్లు నలుగురు కలిశారంటే ఇరవై ఏళ్లుగా ఒక ప్రశ్న తప్పదు: "నాది లైట్ స్పోర్ట్ కిందికి వస్తుందా?" లైట్ స్పోర్ట్ అంటే తేలికపాటి చిన్న విమానాల కోసం పెట్టిన విభాగం. నిజానికి ఇవి కలగాపులగమైపోయిన రెండు ప్రశ్నలు. విమానానికి ఏ సర్టిఫికెట్ ఇచ్చారన్నది ఒకటి, దాన్ని ఏ లైసెన్సుతో నడపవచ్చన్నది ఇంకొకటి. రెండింటి పుట్టుకా వేరు.

మొదటిది పాతది. 1947లో జార్జ్ బొగార్డస్ 'లిటిల్ జీ బీ' అనే బుల్లి విమానంలో పడమటి తీరంలోని ఓరెగన్ నుంచి రాజధాని వాషింగ్టన్ దాకా ఎగురుకుంటూ వెళ్లాడు. ఇంట్లో కట్టిన విమానాలకూ చట్టంలో చోటివ్వండని అడగడానికి. 1952లో ఆ చోటు దొరికింది. మరుసటి ఏడాది పాల్ పొబెరెజ్నీ మిల్వాకీలో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అనే ఔత్సాహికుల సంఘం మొదలుపెట్టాడు. చట్టంలో దొరికిన ఈ 'అమెచ్యూర్ బిల్ట్' (ఔత్సాహికులు కట్టిన) విభాగానికి ప్రధాన షరతు ఒక్కటే: నేర్చుకోవడానికో సరదాకో పూనుకున్నవాళ్లు పనిలో పెద్ద భాగం తామే చేయాలి. వాడుకలో దీన్నే 51 శాతం నిబంధన అంటారు. బరువు ఇంతే ఉండాలని, వేగం ఇంతే ఉండాలని ఇందులో లేదు.

రెండోదానికి మూలం 1982లో ఉంది. ఆ ఏడాది ఒంటి సీటు అల్ట్రాలైట్లకు, అంటే అతి తేలికైన బుల్లి విమానాలకు, లైసెన్సు అక్కర్లేదన్నారు. ఖాళీ బరువు మాత్రం 254 పౌండ్లు, అంటే సుమారు 115 కిలోలు దాటకూడదు. శిక్షణ కోసమని రెండు సీట్లవాటికి మినహాయింపులు ఇచ్చారు. ఆ చాటున, పరిమితి దాటి బరువెక్కిన అల్ట్రాలైట్లు వేలల్లో ఎగిరాయి. వాటికీ మామూలు విమానాలకీ మధ్య ఉన్న ఖాళీని పూడ్చడానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ తెచ్చినవే లైట్ స్పోర్ట్ నిబంధనలు. 2004 సెప్టెంబర్ 1 నుంచి అవి అమలయ్యాయి.

అప్పట్లో గీతలు గట్టిగానే గీశారు. నేల మీద దిగే విమానమైతే పైకి లేచేటప్పుడు మొత్తం బరువు 1,320 పౌండ్లు, అంటే 600 కిలోలు మించకూడదు. సీట్లు రెండే. పిస్టన్ ఇంజిన్ ఒక్కటే. చక్రాలు లోపలికి ముడుచుకోకూడదు. గరిష్ఠ వేగం 120 నాట్స్, అంటే గంటకు సుమారు 222 కిలోమీటర్లు. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) దించకుండా స్టాల్ వేగం, అంటే రెక్క గాలిలో పట్టు కోల్పోయే వేగం, 45 నాట్స్ లోపే.

ఇంత తాపత్రయం దేనికంటే, డాక్టర్ పరీక్ష కోసం. ఇలాంటి విమానాలు నడిపే 'స్పోర్ట్ పైలట్'కు విమానయాన వైద్య సర్టిఫికెట్ అక్కర్లేదు, కారు లైసెన్సు చాలు. కానీ చివరిసారి వైద్య పరీక్షకు దరఖాస్తు చేసినప్పుడు తిరస్కరించి ఉంటే ఈ వెసులుబాటు వర్తించదు. అరవై దాటి, గుండె మీద అనుమానం ఉన్న పైలట్‌కు ఇది బతుకు ప్రశ్నే. పరీక్షకు వెళ్లి తప్పితే దారి మూసుకుపోతుంది. వెళ్లకుండా గడువు తీరనిస్తే దారి తెరిచే ఉంటుంది. ఇలాంటి మెలిక పెట్టడం నా దృష్టిలో ఆ నిబంధనలో అన్నిటికంటే పెద్ద తప్పు.

ఇక ఇంట్లో కట్టిన విమానం సంగతి. చట్టం దృష్టిలో తయారీదారు కట్టినవాడే, గరిష్ఠ బరువు ప్రకటించేదీ అతనే. తూకం రోజు మూడు చక్రాల కింద మూడు కాటాలు పెడతారు. ఖాళీ బరువు 750 పౌండ్లు వచ్చిందనుకుందాం. 170 పౌండ్ల మనుషులు ఇద్దరు, 20 గ్యాలన్ల పెట్రోలుకు 120 పౌండ్లు కలిపితే 1,210. 1,320కి ఇంకా 110 మిగులు. రంగు రెండు పూతలు ఎక్కువైనా, డాష్‌బోర్డులో అదనపు పరికరాలు బిగించినా ఆ మిగులు కరిగిపోతుంది.

అసలు చిక్కు నిర్వచనంలోని ఒక చిన్న మాటతో వచ్చింది: మొదటి సర్టిఫికెట్ నాటి నుంచీ ఈ పరిమితుల్లోనే 'ఉంటూ వచ్చి' ఉండాలన్నారు. మొదట 1,400 అని రాసి తర్వాత 1,320కి దించుకుంటామంటే కుదిరేది కాదు. ఫ్యాక్టరీలో తయారైన పాత ఎర్కూప్ విమానాలకూ ఇదే గతి పట్టింది. 1,260 పౌండ్లతో పుట్టిన 415-సి మోడల్ అర్హమే అయింది. ఎవరో ఎప్పుడో కాగితాల మీద దాని బరువును 1,400కి పెంచి ఉంటే మాత్రం, మళ్లీ దించినా లాభం లేకపోయింది.

వాన్స్ కంపెనీ ఆర్‌వి-12 లాంటి కిట్లకు (విడిభాగాలుగా అమ్మే విమానాలకు) ఇంకో దారి ఉంది. ప్లాన్ తు.చ. తప్పకుండా కడితే అవి ఎక్స్‌పెరిమెంటల్ లైట్ స్పోర్ట్ సర్టిఫికెట్ కిందికే వస్తాయి, 51 శాతం లెక్క అక్కర్లేదు. అలా కాకుండా సొంత మార్పులతో కట్టి అమెచ్యూర్ బిల్ట్‌గా నమోదు చేసిన విమానానికి లైట్ స్పోర్ట్ సర్టిఫికెట్ ఉండదు. అంకెలు సరిపోతే స్పోర్ట్ పైలట్ మాత్రం దాన్ని నిక్షేపంగా నడపవచ్చు.

2025 జూలైలో ప్రకటించిన 'మొజాయిక్' నిబంధనలు ఈ లెక్కనే మార్చేశాయి. ఆ ఏడాది అక్టోబర్ 22 నుంచి స్పోర్ట్ పైలట్‌కు బరువు గీత లేదు. సీట్లు నాలుగు దాకా ఉండొచ్చు, ప్రయాణికుడు మాత్రం ఒక్కడే. ఇప్పుడు ముఖ్యమైన కొలత గరిష్ఠ బరువుతో, ఫ్లాప్స్ దించకుండా 59 నాట్స్ స్టాల్ వేగం. 1,320 దాటిందని ఇన్నాళ్లూ పక్కన పెట్టిన హోమ్‌బిల్ట్‌లు ఎన్నో దీంతో లోపలికి వస్తాయి.

అయితే ఆ అంకెను చాలామంది ఎప్పుడూ కొలిచి ఉండరు. కట్టిన విమానాన్ని ఎగిరించి చూసే తొలి పరీక్షా దశ ముగిశాక లాగ్‌బుక్‌లో రాసే వాక్యం అడిగేది ఫ్లాప్స్ దించినప్పటి స్టాల్ వేగాన్ని. ఫ్లాప్స్ ఎత్తి ఉంచినప్పటి అంకె కావాలంటే గరిష్ఠ బరువుకు సరిపడా ఇసుక బస్తాలు కట్టుకుని, మళ్లీ పైకి వెళ్లి, ముక్కు నెమ్మదిగా ఎత్తుతూ కొలుచుకోవాలి. స్పీడోమీటరు చూపించే అంకెను అలాగే వాడకుండా దాని దోషాన్ని కూడా సరిచూసుకోవాలి.